గోడ మీద స్విచ్ కోసం వెతికిన చెయ్యి

అమ్మా,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన కథ అందాయి. కథను రెండుసార్లు చదివాను. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇంకోసారి. జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. ఏం రాయాలో తెలియక కాదు. నీ కథలో ఒక వాక్యం నన్ను అరవై ఏళ్ల వెనక్కి లాక్కుపోయింది. అక్కడి నుంచి తిరిగి రావడానికి అన్ని రోజులు పట్టింది.

ముందు నీ ప్రశ్న. "నేను సోషియాలజీలో పీజీ చేస్తున్నాను సార్. గల్ఫ్ వలసల మీద సర్వే కోసం మా మండలంలో ఇల్లిల్లూ తిరిగాను. ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎంత అప్పు చేశారు, ఎంత పంపారు, అన్నీ ఫారాల్లో ఉన్నాయి. ఇంక కథ దేనికి?" అని అడిగావు. ఈ ప్రశ్న వేసుకోకుండానే చాలామంది జీవితమంతా రాసేస్తారు. నువ్వు మొదటి కథకే వేసుకున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈ ప్రశ్నకు నా కంటే బాగా జవాబు చెప్పగల మనిషి విజయనగరంలో ఉండేవారు. గురజాడ అప్పారావు గారు. కన్యాశుల్కం నాటకం నువ్వు చదివే ఉంటావు. దాని మొదటి కూర్పు 1897లో అచ్చయింది. ఈసారి నాటకం కంటే ముందు దాని పీఠిక చదువు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ జాబితా పూర్తిది కాదని కూడా ఆయనే రాశారు. పిల్లను ఇచ్చి డబ్బు తీసుకున్నామని ఏ తండ్రి తనంతట తాను ఒప్పుకుంటాడు?

ఆ అంకెలు చదివినప్పుడల్లా నాకు చేతులు చల్లబడతాయి. ఏడాది పిల్ల అంటే ఇంకా సరిగ్గా నిలబడడం కూడా రాని పిల్ల. కాబట్టి సర్వేను తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట నువ్వు వినకు. గురజాడ గారు ఆ లెక్కను పక్కన పడేసి నాటకం రాయలేదు, ఎదురుగా పెట్టుకుని రాశారు. అయితే నాటకంలోకి వచ్చేసరికి ఏం చేశారో చూడు. 1034 మందిలోంచి సుబ్బి అనే ఒక్క పిల్లను తీసుకున్నారు. ఆ పిల్లను ముసలివాడికి కట్టబెట్టబోతుంటే వద్దని కాళ్లావేళ్లా పడి, మాట సాగక తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవై ఇంట్లో ఉంది. ఆ తల్లి ఒకసారి చూసింది, రెండోసారి చూడలేకపోయింది. జాబితాలో పెళ్లికూతురి వయసుకు గడి ఉంటుంది. నూతి గట్టు మీద నిలబడిన తల్లికి గడి ఉండదు. అలాగని ఆ తల్లిని పతివ్రతా శిరోమణిగానో, ఇల్లు కూలగొట్టిన మొగుణ్ణి రాక్షసుడిగానో ఆయన చూపించలేదు. అగ్నిహోత్రావధాన్లు కోపిష్ఠి, డబ్బు మనిషి, కోర్టు దావాల పిచ్చివాడు. కానీ మనకు తెలిసిన మనిషే. మన వీధిలో ఉండే మనిషే.

నీ ఫారాలు కూడా అలాగే ఎదురుగా పెట్టుకో. వాటిలో గడి లేని మనిషి ఎవరో వెతుకు.

ఇప్పుడు నీ కథలోకి వస్తాను. జగిత్యాల దగ్గర పల్లె. పన్నెండేళ్ల తర్వాత దుబాయ్ నుంచి తండ్రి ఇంటికి వచ్చాడు. అది మీ ఇంటి సంగతేనని ఉత్తరం చివర ఒక్క ముక్క రాశావు. రెండో పేజీలో ఇలా ఉంది: "తలుపు తీయగానే అమ్మ ఆనందబాష్పాలతో నాన్న కాళ్ల మీద పడింది. పన్నెండేళ్ల ఎడబాటు ఆ కన్నీటిలో కరిగిపోయింది." ఈ రెండు వాక్యాలూ కొట్టెయ్యి. ఇవి నువ్వు చూసినవి కావు, ఎక్కడో చదివినవి. నాలుగో పేజీలో ఇంకొకటి ఉంది: "నాన్న చీకట్లో స్విచ్ కోసం గోడ తడిమాడు. స్విచ్ బోర్డు అవతలి గోడకు మార్చి ఆరేళ్లయింది." నేను పుస్తకం మూసినట్టు నీ కాగితాలు మూసేసింది అక్కడే. ఆ ఇంటికి కొత్తగా వైరింగ్ చేయించిన డబ్బు ఆయన పంపిందే. ఆ ఇంట్లో దీపం ఎక్కడ వెయ్యాలో తెలియనిది కూడా ఆయనకే. ఇది నువ్వు కళ్లారా చూసి ఉంటావు. చూసి, చిన్న విషయం కదా అని నాలుగో పేజీలో ఎక్కడో పెట్టావు. నీ కథ మొత్తం ఆ గోడ దగ్గరే ఉంది తల్లీ.

నన్ను వెనక్కి లాక్కుపోయిన వాక్యం కూడా అదే. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా వైపు నుంచి రంగూన్ వెళ్లనివాళ్లు తక్కువ. 1964 ప్రాంతంలో బర్మాలో దుకాణాలు ప్రభుత్వం తీసేసుకోవడంతో మనవాళ్లు ఓడలెక్కి తిరిగొచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా పక్కింటి అత్త మొగుడు కూడా అలాగే వచ్చాడు. పెళ్లయిన రెండేళ్లకు వెళ్లినవాడు పదకొండేళ్లకు వచ్చాడు. చేతిలో రేకు పెట్టె, పూల లుంగీ. ఊళ్లో పిల్లలందరం ఆ పెట్టె చుట్టూ మూగాం. అత్త లోపల్నించి చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. కాళ్లు కడుక్కోమన్నట్టు. తర్వాత గుమ్మంలో నిలబడి, "భోంచేస్తారా?" అని అడిగింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను అడిగినట్టు అడిగింది. ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. ఏమీ అనలేదు. ఆ వారం రోజులూ ఆయన మంచం వీధి అరుగు మీదే ఉంది. ఊళ్లో ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అది కూడా ఒక మర్యాదే.

మా అమ్మ చదువుకోలేదు. కానీ పాటలు వచ్చు. మధ్యాహ్నం పూట చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాడేది. ఆడవాళ్లు ఇళ్లల్లో పాడుకునే రామాయణపు పాట అది. లక్ష్మణుడు అన్నావదినలతో అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోతుంది. తిరిగొచ్చి ఆయన ఆమె మంచం దగ్గర కూర్చుంటే, ఆమె ఆయన్ని గుర్తుపట్టదు. ఉలిక్కిపడి లేచి, ఎవరయ్యా మీరు, ఇంత ఆగడానికి వచ్చారు అంటుంది. మా తండ్రి జనకరాజు వింటే ఊరుకోడు అంటుంది. కీర్తి గల ఇంట పుట్టిన నాకు అపకీర్తి వచ్చిందే అని వణికిపోతుంది. వాల్మీకంలో ఈ ఘట్టం లేదు. పట్టాభిషేకానికి తొందరపడే కథలో ఊర్మిళ కోసం ఆగే తీరిక ఎవరికుంది? ఆగింది మన ఆడవాళ్లే. ఏళ్ల తరబడి దూరంగా ఉండి వచ్చిన మొగుడు ముందు పరాయివాడిలా కనిపిస్తాడని, ఆ తర్వాతే మొగుడవుతాడని వాళ్లకు తెలుసు. ఆ సంగతి నోరు విప్పి ఎవరితోనూ చెప్పుకోలేరు. రాజు గారి కోడలి మీద పెట్టి పాడుకున్నారు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం అత్త మా ఇంటికి వచ్చి అమ్మకు ఎదురుగా కూర్చుని తనూ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. అమ్మ ఆ పాటే ఎత్తుకుంది. కావాలని ఎత్తుకుందో, అలవాటుగా వచ్చిందో నేను అడగలేదు. అడగాలని తోచేనాటికి అమ్మ లేదు. "ఎవరయ్యా మీరు" అన్న చోటికి వచ్చేసరికి అత్త చేతులు చేటలో ఆగిపోయాయి. పాట అయ్యాక చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత అత్త అంది: "ఇంకోపాలి పాడవా వదినా."

నేను ఇన్నేళ్లుగా రాస్తున్నాను. సాహిత్యం మనిషికి ఏం చేస్తుందని ఎవరు అడిగినా నాకు ఆ చేట, ఆ ఆగిపోయిన చేతులే గుర్తొస్తాయి. ఆమెకు ఆ పాట సలహా ఇవ్వలేదు, ధైర్యం చెప్పలేదు. తనకు కలిగింది తప్పుడు భయం కాదని, తనకంటే ముందు ఎవరో దాన్ని పడ్డారని చెప్పింది.

అయితే ఒక్క మాట. సంస్కృతి అనగానే చేతులు జోడించే అలవాటు చేసుకోకు. ఆ పాటలోనే చూడు, నిద్రలేచిన ఆడదానికి తన ఒంటి గురించిన భయంతో పాటే పుట్టింటి పరువు గురించిన భయమూ పుట్టింది. ఆ భయాన్ని ఆమెకు నేర్పింది కూడా మన సంస్కృతే. అయిదేళ్ల పిల్లకు మూడుముళ్లు వేయించిందీ అదే. పాటను ప్రేమించు, దానిలోని ముల్లును కూడా చూడు. రెండూ చూడగలిగిన రోజున నీ కథలో మీ నాయనమ్మ దేవతలా మిగిలిపోదు. ఇప్పుడు ఆమె ప్రతి పేజీలోనూ మంచిదే. పన్నెండేళ్లు కోడలి మీద కన్నేసి కాపలా కాసిన ముసలామె అంత మంచిగా ఉండదమ్మా. కొడుకు పంపిన డబ్బు ఎవరి చేతికి వచ్చేది? ఫోన్ వచ్చినప్పుడు ముందు ఎవరు ఎత్తేవారు? ఇవి రాస్తే నాయనమ్మ చెడ్డది అయిపోదు. మనిషవుతుంది.

భాష గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. నీ కథలో మీ అమ్మ, "ఆయన అక్కడ చట్టవిరుద్ధ వలసదారుగా మిగిలిపోయాడు" అంటుంది. ఆ మాట మీ అమ్మ నోట ఎప్పుడైనా విన్నావా? మీ వైపు ఊళ్లల్లో "ఖల్లివల్లి అయిండు" అంటారు. అరబ్బు దేశంలో పుట్టిన మాట కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ల నోట నానిపోయింది. కంపెనీ నుంచి బయటపడి, అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, లేక, దొరికితే జైలు, దొరక్కపోతే దొంగకూలి. ఇంత బతుకు ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని తీసేసి నువ్వు పేపర్ భాష పెట్టావు, పట్నం వాళ్లు నవ్వుతారేమోనన్న టెన్షన్‌తో కావచ్చు. నవ్వనీ. మీ అమ్మ "వచ్చిండు" అంటే "వచ్చిండు" అనే రాయి. కన్యాశుల్కంలో గురజాడ గారి మధురవాణి గిరీశంతో ఒకలా, రామప్పంతులుతో ఒకలా, సౌజన్యారావు పంతులు గారి ముందు ఇంకొకలా మాట్లాడుతుంది. మాట మారినప్పుడల్లా ఆమెలో మనకు తెలియని ఇంకో మనిషి కనిపిస్తుంది. అందరి చేతా ఒకే తెలుగు మాట్లాడిస్తే ఆ మనుషులందరూ పోతారు.

బతుకమ్మ రోజులు వస్తాయి కదా. ఈసారి ఫోన్‌లో వీడియో తీయకుండా వలయంలో నిలబడు. ఉయ్యాలో అని అందరూ అందుకునే చోట కాదు, మధ్యలో ఊపిరి తీసుకునేటప్పుడు పక్కనున్నామెతో ఏం గొణుక్కుంటారో విను. పాట ఆపి పూలు సర్దుకునేటప్పుడు ఎవరి మొగుడి సంగతి వస్తుంది, ఎవరి పేరు రాగానే అందరూ సద్దుమణుగుతారు, అది విను. ఇంటికెళ్లి రాసుకో. కథ కోసం అని రాసుకోకు, ఊరికే రాసుకో.

ఏం చదవాలని అడిగావు. పెద్ద జాబితా ఇవ్వను. 1902లో భండారు అచ్చమాంబ గారు రాసిన కథ దగ్గర మొదలుపెట్టి, 1910లో గురజాడ గారి దిద్దుబాటు మీదుగా, పదేళ్లకొక నాలుగు కథల చొప్పున ఇప్పటిదాకా రా. వీలైతే ఒకసారి శ్రీకాకుళం రా. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. పేరున్నవాళ్లవే కాదు, ఒకే ఒక్క కథ రాసి ఊరుకున్నవాళ్లవీ కావాలనేవారు. ఆ బీరువాల మధ్య కాసేపు నిలబడితే, మన పక్కనే బతికిన వేలమంది తమకు తెలిసింది చెప్పి వెళ్లారని ఒంటికి తెలుస్తుంది. బస్టాండ్ నుంచి నేను తీసుకెళ్తాను.

కథ మళ్లీ రాయి. తొందర లేదు. తండ్రి దుబాయ్‌లో పడ్డ కష్టాల పేజీ తీసెయ్యి, అది నువ్వు చూడలేదు. ఆయన చెప్పినప్పుడు, చెప్పిన మేరకు, ఆయన మాటల్లోనే రాయి. చెప్పకుండా మింగినవాటి దగ్గర నువ్వూ ఆగు. స్విచ్ సంగతి ముందుకు తీసుకురా. ఆయన గోడ తడుముతుంటే ఎవరూ "అటు కాదు" అనలేదా? నువ్వు ఎక్కడ ఉన్నావప్పుడు? నీకు పదహారేళ్లు ఉండి ఉంటాయి. లైటు ఎవరు వేశారు?

ఇంకొకటి అడుగుతాను, కథలో పెట్టకపోయినా ఫర్వాలేదు, నాకు రాయి. ఆ రాత్రి మీ అమ్మ ఏం వండింది? పన్నెండేళ్ల కింద ఆయనకు ఇష్టమైనదా, ఇప్పుడు మీ ఇంట్లో అందరూ తింటున్నదా? ఆయన తిన్నాడా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు