కార్లు పాలిష్ చేస్తా అంటున్నాడు మావాడు, ఏం చేయాలి సార్?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మావాడు ఇంటర్ ఎంపీసీ అయిపోయినాడు, ఇంజనీరింగ్ సీటు వస్తుంది కానీ వద్దంటాడు. సెలవుల్లో బళ్లారి రోడ్డులో ఒక కార్ డీటెయిలింగ్ (కారును లోపలా బయటా శుభ్రం చేసి, పాలిష్ పట్టి మెరిపించే పని) షాపుకు పోయి పోయి ఇప్పుడు అదే చేస్తా అని కూర్చున్నాడు. బెంగళూరులో ఐదు రోజుల కోర్సు చేసి, 8 లక్షలు పెట్టి ఫ్రాంచైజ్ తీసుకుందాం అంటాడు. బీటెక్, ఐటీఐ, ఇది, మూడూ పోల్చి చెప్పండి. కార్లు కడగడానికేనా ఇంత చదివించింది అని నిద్ర పట్టడం లేదు.

జవాబు: అన్నా, మీ అసలు బాధ ఆ చివరి లైన్లో ఉంది, పైన రాసిందంతా దానికి ముసుగు. పెళ్లిలో ఎవరన్నా మీవాడు ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలా అని కదా? ప్రతి జూన్‌లో ఇదే ప్రశ్న పదిమంది అడుగుతారు నన్ను, మొన్నటిదాకా జిమ్ ట్రైనర్, ఫోటోగ్రఫీ, ఇప్పుడు ఇది, పిల్లోడి పని మారుతుంది గానీ నాయన భయం మాత్రం అదే.

ముందు ఆ పనేందో తెలుసుకోండి. పాలిష్ అంటే మెరుపు పూయడం అనుకుంటారు మనోళ్లు, కాదు, అది అరగదీయడం. కారు రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పొర ఉంటుంది, చాలా కార్లకు 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కంటే పల్చన. ఎండలో నల్ల కారు చూస్తే సాలెగూడు మాదిరి గీతలు కనపడతాయే, అవి స్విర్ల్స్, పొద్దున్నే పొడిగుడ్డతో మన దుమ్మును బరబరా తుడిచేదానికి వచ్చేవే ఎక్కువ. కాంపౌండ్ అనే అరగదీసే పేస్టు వేసి మెషిన్‌తో ఆ గీత లోతు వరకు చుట్టూ పొరను సమానంగా దించితే గీత పోతుంది, కానీ దించిన పొర మళ్లీ రాదు. అందుకే తెలిసినోడు ముందు గేజ్‌తో మందం కొలుస్తాడు, ఒక మూల చిన్న జాగాలో మెత్తటి ప్యాడ్, లైట్ పాలిష్‌తో మొదలుపెట్టి చాలకపోతేనే గట్టి దానికి పోతాడు, ఎండలో కాలిన బానెట్ మీద చెయ్యే వేయడు.

తెలియనోడు ఏం చేస్తాడో నా కారుకే చూసినా. రెండేళ్ల కింద ఒక షాపులో ఇస్తే అక్కడి పిల్లోడు రోటరీ మెషిన్ (ప్యాడ్ ఊగకుండా గిరగిరా తిరిగేది) బానెట్ అంచు మీద ఒక్కచోట నిలిపినాడు, అంచుల్లో పొర ఇంకా పల్చన, వేడికి క్లియర్ కోట్ లేచిపోయి లోపలి రంగు కూడా పోయింది. బానెట్ మొత్తం రీపెయింట్. డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషిన్ అయితే ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి ఇంత తొందరగా కాల్చదు, నేర్చుకునేవాళ్లు దాంతోనే మొదలుపెట్టాల. ఇప్పుడు చెప్పండి, ఇది కార్లు కడిగే పనేనా? కడగడం అయితే ఉంది, అది కూడా సరిగ్గా రాకపోతే కొత్త గీతలు పడతాయి.

మీవాడి మీద నాకు డౌట్ లేదు, ఆ 8 లక్షల మీద ఉంది. రీల్స్‌లో బానెట్ మధ్యలో టేప్ వేసి సగం మురికి సగం అద్దం చూపిస్తారు చూడండి, అందులో కొన్ని పాలిష్‌లు గీతను తీయవు, ఫిల్లర్‌తో పూడ్చి పెడతాయి, నాలుగు వాష్‌లకు గీతలు మళ్లీ బయటపడతాయి. రంగు మీద రక్షణ పొరగా వేసే సిరామిక్ కోటింగ్‌ను 9హెచ్ అని చెప్పి గీతే పడదంటారు, ఆ 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష లెక్క, వజ్రం లెక్క కాదు, హైవేలో లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరొస్తే కోటింగ్ ఏం ఆపుతుంది? కింద గీతలు తీయకుండా కోటింగ్ వేస్తే ఆ గీతలనే భద్రంగా దాచినట్టు. ఫ్రాంచైజ్ వాళ్లు ఇచ్చేది బోర్డు, డబ్బాలు, చెయ్యి మాత్రం ఇవ్వలేరు, ఐదు రోజుల్లో ఎవరికీ రాదు. చెయ్యి రాకముందే అప్పు వస్తే, బానెట్లు కాల్చుకుంటూ ఈఎంఐ కట్టాల.

పోల్చమన్నారు కదా, చిన్నగా చెప్తా. ఇష్టం లేకుండా బీటెక్‌లో వేస్తే నాలుగేళ్లు, బ్యాక్‌లాగ్స్, మళ్లీ ఇదే మాట. ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అని ఏడాది ట్రేడ్ ఉంది, అన్ని చోట్లా ఉండదు, దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి. ప్రైమర్, బేస్ కోట్, క్లియర్ కోట్ స్వయంగా కొట్టినోడికి పాలిషింగ్ ఇంకా బాగా అర్థమవుతుంది. రేపు డీటెయిలింగ్ చేదనిపించినా బాడీ షాపుల్లో పని దొరుకుతుంది, పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు చేస్తూనే ఉంది, రంగు తెలిసినోడు అట్లాంటి ప్లాంట్లో కూడా అడగొచ్చు. డిగ్రీ కూడా కావాలంటే దూరవిద్యలో చదవనీండి, మీ మనశ్శాంతికైనా.

పని లేకుండా పోతుందని భయపడొద్దు అన్నా. మన ఊరి బోరు నీళ్లు ఎంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో తెలుసు కదా, కడిగి ఎండలో వదిలేస్తే తెల్లమచ్చలు పడి ముదిరి రంగును తింటాయి, అవి తీయడానికి మనిషి కావాల. మీవాడు దొంగతనం చేయడం లేదు, తాగి తిరగడం లేదు, సెలవుల్లో పనికి పోయినాడు, ఎంతమంది పిల్లలు పోతారు అట్లా? మీరేమో దాన్ని సిగ్గనుకుంటున్నారు, మీ సిగ్గు వాడికి కనపడుతుంది, గుర్తుపెట్టుకోండి.

ఏడాది జీతం మీద ఏదైనా మంచి షాపులో నిలబడమనండి, మాస్కు పెట్టుకుని పది గంటలు మెషిన్ పట్టుకుంటే మణికట్టు ఏం చెప్తుందో వాడికే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా అదే మాట మీద ఉంటే షాపు సంగతి ఆలోచిద్దాం, ముద్ర లోన్‌లో 5 లక్షల్లోపు చిన్నగా మొదలుపెట్టొచ్చు, ఇంటి కాగితాలు మాత్రం బయటికి తీయొద్దు. ఈ ఆదివారం పాత సామాన్ల దుకాణంలో ఒక నల్ల బానెట్ కొనివ్వండి, దాన్ని కాల్చుకోనీ, నాలుగుసార్లు కాల్చినా పర్వాలేదు. మీరు కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, ఫోన్ టార్చ్ పట్టుకోండి వాడికి.