మందులు మానేస్తున్న బాబు, మాటలంటున్న అత్తమ్మ: నా సమాధానం

అక్కా, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకుని, తిండి సరిగ్గా అరగని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న మీ పదిహేనేళ్ల బాబు నెబులైజర్ పెట్టుకోనని తలుపేసుకుంటున్నాడని, స్కూల్లో తిండి అరగడానికి వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకోవట్లేదని, పైగా మీ అత్తమ్మ "మా ఇంట్లో ఎవరికీ లేని రోగం" అని మిమ్మల్నే అంటోందని రాశారు కదా. ముందు ఆ మాట తెగ్గొట్టండి. సీఎఫ్‌టీఆర్ జన్యువులో లోపం అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చేరితేనే ఈ జబ్బు వస్తుంది, ఇద్దరూ మామూలుగానే ఉంటారు కాబట్టి ముందు ఎవరికీ తెలియదు. ఇది మీరు కాదు, మీ ఆయనే వాళ్లమ్మకు చెప్పాలి.

బాబును "వేసుకున్నావా, వేసుకున్నావా" అని పొద్దస్తమానం అడగకండి. ఎంజైమ్ లేకుండా తింటే కొవ్వు అరగదని, కడుపునొప్పి వస్తుందని వాడికి తెలుసు, దోస్తుల ముందు సీసా తీయడమే వాడి బాధ. టిఫిన్ బాక్సులో పట్టే చిన్న డబ్బీ వాడినే కొనుక్కోమనండి. సాయంత్రం నెబులైజర్, కఫం వదిలించే ఫిజియోథెరపీ టైముకు నాన్న పక్కన కూర్చుని వాడితో క్రికెట్ చూస్తే చాలు, చదువు మాటెత్తొద్దు. డాక్టర్ దగ్గర కాసేపు వాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.

మన హన్మకొండ ఎండల్లో ఆడితే ఈ పిల్లలకు చెమటలో ఉప్పు చాలా పోతుంది, ఎంత ఉప్పు ఇవ్వాలో డాక్టర్‌నే అడగండి.

చెల్లెని మాత్రం అన్న మీద కాపలా పెట్టకండి. దానికి మీతో విడిగా కొంత టైం కావాలి, అడగట్లేదంటే అక్కర్లేదని కాదు. బాబు తిండి, నిద్ర తగ్గి ఎవరితోనూ మాట్లాడకపోతే ఆలస్యం చేయకుండా కౌన్సిలర్‌కు చూపించండి.