పెద్దయ్యాక టాపెస్ట్రీ (రంగు దారాలతోనే బొమ్మలు తీర్చే) నేత నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మగ్గం కొనక్కర్లేదు. అడుగు పొడవున్న గట్టి చెక్క చట్రం చాలు. పడుగుకు, అంటే నిలువు పోగులకు, సాగని, బాగా పురిపెట్టిన నూలుదారం తీసుకోండి. అంగుళానికి 6 పోగుల చొప్పున బిగువుగా చుట్టండి. పేకకు, అంటే అడ్డంగా నేసే దారానికి, ఊలు. ఈ నేతలో పడుగు అస్సలు కనిపించకూడదు. తొంగిచూస్తోందంటే పేక మరీ లావుగా ఉందనో, పడుగు మరీ ఒత్తుగా ఉందనో అర్థం.

కొత్తవాళ్లను బాగా ఏడిపించేది అంచులు లోపలికి లాక్కుపోవడం. పేక ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా మెలికలు తిరుగుతూ వెళ్తుంది కాబట్టి బట్ట వెడల్పు కంటే ఎక్కువ దారం కావాలి. తిన్నగా లాగితే ఆ లోటు అంచుల మీద పడుతుంది. అందుకే ప్రతి వరుసనూ విల్లులా వంచి వేసి, ఆ తర్వాతే ఫోర్కుతో కిందికి నొక్కండి. అంగుళానికోసారి స్కేలుతో వెడల్పు కొలవండి, కంటిని నమ్మొద్దు.

రెండు రంగులు నిలువుగా ఆనుకునేచోట చీలిక వస్తుంది. అది తప్పు కాదు. సెంటీమీటరు దాటేలా ఉంటే మాత్రం రెండు పేకలనూ ఒకదానితో ఒకటి మెలేయండి, లేదా నేత అయ్యాక వెనకనుంచి కుట్టండి. మొదటి ముక్కలో బొమ్మల జోలికి పోకుండా చారలు, వాలు గీతలే నేయండి. వాలు కోసం రెండు వరుసలకో పోగు పక్కకు జరుపుతూ పోతే చీలిక బెడద ఉండదు.