నీలి లైటులో నల్లగా కనిపించిన మచ్చలు పుచ్చేనా?

నల్గొండ జిల్లా మర్రిగూడలో ఉండే మీ బాబు ముందు పళ్ల మీది తెల్ల మచ్చలు డాక్టర్ నీలి లైటు వేస్తే నల్లగా కనిపించాయని, అది పుచ్చేనా అని అడిగారు కదా అక్కా. టెన్షన్ పడకండి. ఆ లైటులో మంచి పన్ను దానంతట అదే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఖనిజం తగ్గిన చోట ఎనామిల్‌లో, అంటే పన్ను గట్టి పైపొరలో, సన్నని రంధ్రాలుంటాయి, వెలుగు అక్కడే చెదిరిపోయి మచ్చ నల్లగా కనిపిస్తుంది. పుచ్చు మొదలైనా, ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు వచ్చే మచ్చలు) అయినా అంతే. కాబట్టి ఆ ఫోటో ఒక్కటే చూసి తేల్చలేం.

మచ్చలు కుడి ఎడమ పళ్లకు జంటగా, అడ్డగీతల్లా ఉంటే మన దగ్గర ముందు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌నే అనుమానించాలి. చిగుళ్ల అంచున, పాచి పట్టే చోటే ఉంటే పుచ్చు మొదలు కావచ్చు. గుంట పడకముందే చూపిస్తే ఆపొచ్చు.

బోరు నీళ్లను పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికే కాదు, వంటకూ వాడొద్దు.