కడుపుతో ఉన్నప్పుడు టీకాలు వేసుకుంటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయా? మా ఇద్దరు పిల్లల సంగతి చెప్తాను

మీకు ఆరో నెల, డాక్టర్ టీడాప్ (కోరింత దగ్గు, ధనుర్వాతం వగైరాలకు) ఇంజెక్షన్ రాశారు, మీ ఆడపడుచు మాత్రం "గర్భంతో టీకా వేసుకుంటే పుట్టే పిల్లలకు ఆటిజం వస్తుంది, మాటలు రావు" అన్న వాట్సాప్ వీడియో పంపింది, వేసుకున్నవాళ్ల పిల్లలు ఇప్పుడెలా ఉన్నారని అడిగారు. ముందు జవాబు: వేసుకోండి. ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మాది ఖమ్మం దగ్గర. ఇద్దరు పిల్లలు. బాబు 2017లో పుట్టాడు, అప్పుడు నాకు వేసింది పీహెచ్‌సీలో ఏఎన్ఎం వేసిన రెండు టీటీలే (ధనుర్వాతం టీకా). రెండేళ్లు నిండినా వాడు అమ్మ, తాత తప్ప వేరే మాట అనలేదు. చెవుల పరీక్ష చేయించాం, వినికిడి బాగానే ఉంది, తర్వాత స్పీచ్ థెరపీకి చాలా రోజులు తిరిగాం, నాలుగేళ్లు దాటాక గాడిలో పడ్డాడు. ఇప్పుడు క్లాసులో మాట్లాడుతున్నాడని టీచర్లు కంప్లైంట్ చేస్తున్నారు. పాప 2021 నవంబరులో పుట్టింది. గర్భిణులకు కోవిడ్ టీకా వేయొచ్చని ప్రభుత్వం 2021 జులై 2న చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌తో చుట్టుపక్కల ఏం జరిగిందో చూశాను కాబట్టి నేను ఆ నెలలోనే వెళ్లి వేయించుకున్నాను. కోవాగ్జిన్ కావడంతో నాలుగు వారాల తేడాతో రెండో డోసు కూడా అయిపోయింది. వాటితో పాటు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), టీడాప్, ఫ్లూ. ఇన్ని వేసుకున్నాక పుట్టిన పాప రెండేళ్లకే చిన్న చిన్న వాక్యాలు మాట్లాడింది.

ఇదే తారుమారై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మాటలు ఆలస్యమైంది పాపకయ్యుంటే మా ఇంట్లో, మా వీధిలో ప్రతి ఒక్కరూ కోవిడ్ టీకానే అనేవాళ్లు, నాకూ అదే అనిపించేదేమో. బాబుకు ఆలస్యమైనప్పుడు టీటీ వల్ల అని ఒక్కరూ అనలేదు, ఎందుకంటే టీటీ మా అమ్మా వేసుకుంది, మా అత్తమ్మా వేసుకుంది. అలాగని టీకాలు ఎక్కువ వేసుకుంటే పిల్లలు తొందరగా మాట్లాడతారని నేను అనడం లేదు. నా ఇద్దరు పిల్లలను చూసి ఏదీ తేల్చలేం, ఆ వీడియోలో ఏడ్చిన తల్లి పిల్లవాణ్ని చూసీ తేల్చలేం. మాటలు రాలేదన్న సంగతి బయటపడేది ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో. దానికి ముందు జరిగిన ఏ విషయం మీదైనా నింద వేయడం సులువు.

అందుకే లక్షల మందిని చూసిన లెక్కలు కావాలి, అవి ఉన్నాయి కూడా. అమెరికాలో కాలిఫోర్నియాలో దాదాపు 1,97,000 మంది పిల్లల రికార్డులు చూసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు, తల్లి గర్భంతో ఫ్లూ టీకా వేసుకోవడానికీ పిల్లల ఆటిజానికీ సంబంధం కనపడలేదు. మొదటి మూడు నెలల్లో వేసుకున్నవాళ్లలో మాత్రం కాస్త ఎక్కువన్నట్టు కనిపించింది, కానీ చాలా పోలికలు ఒకేసారి చేసినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే తేడాలను సరిచేసి చూస్తే అది నిలబడలేదు. వీడియోల వాళ్లు ఆ మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ డాక్టర్ రాసిన టీడాప్ మీదే ఇంకొకటి ఉంది. అదీ కాలిఫోర్నియాలోనే, 2011 నుంచి 2014 మధ్య పుట్టిన దాదాపు 82,000 మంది పిల్లల మీద. తల్లి టీడాప్ వేసుకున్న పిల్లల్లో ఆటిజం 1.5 శాతం, వేసుకోనివాళ్లలో 1.8 శాతం. అంటే ప్రమాదం పెరగలేదని, అంతవరకే. స్వీడన్‌లో 2009-10 స్వైన్ ఫ్లూ అప్పుడు టీకా వేసుకున్న తల్లుల పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు, అక్కడా ఆటిజం పెరగలేదు. కెనడాలోనూ స్వైన్ ఫ్లూ టీకా మీద లక్షకు పైగా పిల్లలను ఐదేళ్ల వయసు దాకా చూశారు. ఉబ్బసం మాత్రం అతి కొద్దిగా ఎక్కువగా, పొట్ట, పేగుల ఇన్ఫెక్షన్లు కొద్దిగా తక్కువగా కనిపించాయి, మిగతావాటిలో తేడా లేదు. కోవిడ్ టీకా విషయంలో 2024లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఏడాది, ఏడాదిన్నర వయసులో పిల్లల ఎదుగుదలలో తేడా కనపడలేదు. కానీ అక్కడ వేసినవి ఎక్కువగా వేరే రకం టీకాలు, నేను వేసుకున్న కోవాగ్జిన్ కాదు, కాబట్టి దాన్ని నా పాపకు నేరుగా అంటగట్టను.

టీకా వేసుకోకపోతే ఏమవుతుందన్నది ఆ వీడియోలో ఉండదు. టీడాప్‌లో ఉన్నవి ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు. పెద్దవాళ్లకు కోరింత దగ్గు వస్తే ఎక్కువగా వారాల తరబడి దగ్గుతాం. నెలల బిడ్డకు వస్తే ఊపిరి ఆగిపోవచ్చు. మన దగ్గర బిడ్డకు మొదటి పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బుల టీకా) పడేది ఆరు వారాలకు, మూడు డోసులయ్యేసరికి 14 వారాలు. అప్పటిదాకా కాపాడేది అమ్మ ఒంట్లోంచి మాయ ద్వారా వెళ్లిన యాంటీబాడీలే. అవి చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా వెళ్తాయి, అందుకే 27 నుంచి 36 వారాల మధ్య వేయమంటారు. 2012లో బ్రిటన్‌లో కోరింత దగ్గుతో 14 మంది పసిపిల్లలు చనిపోయారు, ఆ ఏడాది అక్టోబరులోనే అక్కడ గర్భిణులకు టీకా మొదలుపెట్టారు. తల్లులు వేసుకున్న పిల్లల్లో ఆ జబ్బు దాదాపు 90 శాతం తగ్గింది. ఇక ధనుర్వాతం సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లనే అడగండి, పుట్టిన వారం పది రోజులకే బిగుసుకుపోయి పోయిన పసిబిడ్డల కథ ఒక్కటైనా ఉంటుంది. 2015లో ఆ జబ్బు మన దేశంలో అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిందంటే తల్లులు వేసుకున్న ఆ ఇంజెక్షన్లూ, ఆసుపత్రి కాన్పులూ కారణం.

అన్ని టీకాలూ వేసుకోవచ్చని కాదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి, గర్భంతో వేయరు, కాన్పు తర్వాత వేసుకోవచ్చు. రుబెల్లా టీకా గర్భం రాకముందే అయిపోవాలి, ఎందుకంటే మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లం, గుండె లోపాలు రావచ్చు. పిల్లల ఎదుగుదలను నిజంగా దెబ్బతీసేవి ఇలాంటి జబ్బులు. మీ చెల్లెళ్లు ఎవరైనా పెళ్లికి ఉంటే ఇప్పుడే చెప్పండి.

వేసుకున్న రోజు చెయ్యి బాగా నొప్పెట్టింది నాకు, రాత్రి కాస్త జ్వరం, డాక్టర్‌ని అడిగి పారాసిటమాల్ వేసుకున్నాను, మర్నాటికి తగ్గింది.

రేపు బిడ్డ పుట్టాక ఎదుగుదల మీద అనుమానం వస్తే గర్భంతో ఏం వేసుకున్నామని తవ్వుకుంటూ కూర్చోకండి. పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా ముందు వినికిడి పరీక్ష. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చూసే) కేంద్రాలుంటాయి, అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, ఆగండి" అన్నవాళ్లు మాకు చాలామంది దొరికారు, ఆగకుండా వెళ్లడమే మా బాబుకు పనికొచ్చింది.

ఒక్క పని చేయండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) పట్టుకెళ్లండి. పీహెచ్‌సీలో ఇప్పటికే ఒక టీడీ పడి ఉంటే రెండోదాని బదులు టీడాప్ వేసే పద్ధతి ఉంది, రెండూ విడిగా అక్కర్లేకపోవచ్చు. టీడాప్ ప్రైవేటులో వెయ్యి దాటుతుంది కాబట్టి ఆ సంగతి అడిగాకే కొనండి. మీకిప్పుడు ఎన్నో వారమో రాయండి, 27 ఇంకా రాకపోతే తొందరేం లేదు.