అక్క హారం, తమ్ముడి ఎక్స్‌పీరియన్స్

"మాది తాడిపత్రి దగ్గర పల్లె. బోరు ఎండి చీనీ తోట పోయింది. బీటెక్ అయి రెండేళ్లు. నిజం చెప్పాలంటే జీతం కోసమే ఈ లైనులోకి వచ్చాను. అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ నేర్చుకున్నా, ఫ్రెషర్‌కి ఏడాదికి మూడున్నర లక్షలే అంటున్నారు. లక్షన్నర కడితే రెజ్యూమెలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు పెట్టి పది లక్షల ఉద్యోగానికి పంపుతామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. కోర్సు ఫీజుకు మా అక్క గాజులు కుదువ పెట్టింది. ఇప్పుడు హారం కూడా పెడతానంది. అక్కావాళ్లుండేది కర్నూలులో. బావకు ఏదీ తెలియదు. వెరిఫికేషన్‌లో దొరుకుతానా?"

దొరుకుతావు నాయనా. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ అని మనిషికొక నంబరు వచ్చాక ఏ నెల ఏ కంపెనీ నీకు పీఎఫ్ కట్టిందో అందులోనే తెలిసిపోతుంది. చేరిన తర్వాత కూడా చూస్తారు. గట్టెక్కావే అనుకో, మూడేళ్లు చేసినవాడి పని నీ నెత్తిన పెడతారు. అది చేతగాక జాబ్ సపోర్ట్ అంటూ నీ పని చాటుగా చేసిపెట్టే ఇంకొకడికి నెలనెలా జీతంలోంచి కడతావు. ఆ ప్రశ్న అక్కడికి వదిలెయ్.

జీతం కోసం వచ్చానన్నందుకు సిగ్గుపడకు. తోట ఎండిన ఇంటి పిల్లోడు జీతం చూసుకోక ఏం చూసుకుంటాడు?

నాకు మింగుడుపడనిది అక్క సంగతి. "తనే పెడతానంది" అన్నట్టు రాశావు. ఏ అక్క పెట్టనంటుంది? అక్క అమ్మలాంటిది అనే మాట నేను ఎక్కువగా విన్నది తీసుకునే తమ్ముళ్ల నోటే. పెళ్లిలో మీ నాన్న పెట్టిన బంగారమే అత్తగారింట్లో ఆమెకున్న ధైర్యం. గాజులేవని అత్త అడిగితే ఏం చెబుతోందో ఎప్పుడైనా అడిగావా? శ్రావణ శుక్రవారం బోసిమెడతో పూజలో కూర్చుంటే ఏం చెప్పాలి? బాకీ కట్టకపోతే వేలం నోటీసు కుదువ పెట్టిన మనిషి ఇంటికే వస్తుంది, అంటే బావ చేతికి. నువ్వు రెజ్యూమెలో ఒక్కసారి రాసే అబద్ధానికి ఆమె కాపురంలో రోజూ ఒకటి చెప్పుకోవాలి.

హారం వద్దని ఈ రాత్రే ఫోన్ చెయ్. గాజుల సంగతి బావకు చెప్పబోతున్నానని కూడా అక్కకు ముందే చెప్పు. ఆ తర్వాత కర్నూలు బస్సెక్కు. చెప్పాల్సింది నువ్వు, ఆమె చేత చెప్పించకు. ఆయన నాలుగు మాటలంటే పడు. మూడున్నర లక్షల ఉద్యోగం దొరికితే చేరిపో. చేతికి పాతిక వేలొచ్చినా గదిని నలుగురితో పంచుకుని మిగిలింది గాజులకు కట్టు. అవి విడిపించేదాకా ఇంట్లో బైకు మాటెత్తకు.