ఇంధన పరిశోధనకు ప్రకటించే కోట్లలో ల్యాబ్ దాకా వచ్చేది ఎంత?

ప్రశ్న: గ్రీన్ హైడ్రోజన్‌కు ఇన్ని వేల కోట్లు, సోలార్‌కు ఇన్ని వేల కోట్లు అని పేపర్లలో చదువుతుంటాం. ఆ డబ్బు నిజంగా పరిశోధన చేసేవాళ్లకు అందుతుందా? మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఒక బ్యాటరీ ప్రాజెక్టులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. చేరమంటారా?

జవాబు:

చేరమనే అంటాను. కాకపోతే చేరేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చివర్లో చెబుతాను. డబ్బు సంగతికి జవాబు కాస్త పెద్దది.

నేను హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ సంస్థలో లిథియం అయాన్ బ్యాటరీల ప్రాజెక్టులో ఫెలోగా పనిచేశాను. నా స్టైపెండ్, గ్యాస్ సిలిండర్లు, రసాయనాలు అన్నీ ఒకే గ్రాంటు మీద నడిచేవి. గ్రాంటు వస్తే అన్నీ వచ్చేవి, ఆగితే అన్నీ ఆగేవి. కాబట్టి కింద రాసినదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, కొంత పడి తెలుసుకున్నది.

ముందుగా, పేపర్లో కనిపించే అంకె వేరు, పరిశోధన పద్దు వేరు. 2023 జనవరిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌నే తీసుకోండి. మొత్తం 19,744 కోట్లు. అందులో 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్లు, అంటే కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ విడదీసే యంత్రాలు తయారుచేసే, హైడ్రోజన్ ఉత్పత్తి చేసే కంపెనీలకు ప్రోత్సాహకాలు. పైలట్ ప్రాజెక్టులకు 1,466 కోట్లు. పరిశోధనకు కేటాయించింది 400 కోట్లు. అంటే వందకు రెండు రూపాయలు. ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించే పీఎం సూర్యఘర్ పథకానికి 75,021 కోట్లు. అదే పునరుత్పాదక ఇంధన శాఖ 2021 నుంచి 2026 వరకు ఐదేళ్ల పరిశోధన కార్యక్రమానికి పెట్టుకున్నది 228 కోట్లు.

సబ్సిడీ తప్పని నేను అనడం లేదు. మా ఇంటి మీదా ప్యానెళ్లు ఉన్నాయి, వేసవిలో బిల్లు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ అది తయారైన వస్తువును కొనడానికి ఇచ్చే డబ్బు. ఆ వస్తువును ఇక్కడ ఎలా తయారుచేయాలో కనుక్కోవడానికి ఇచ్చేది కాదు. రెండింటినీ కలిపి "క్లీన్ ఎనర్జీకి ఇన్ని కోట్లు" అని హెడ్డింగ్ పెట్టేసరికి, ల్యాబుల్లో ఉన్నవాళ్లు డబ్బులో ఈదుతున్నారని జనం అనుకుంటారు. మా మామయ్య అయితే ప్రతి పండక్కీ "మీకేంట్రా, వేల కోట్లు" అనేవారు.

ఇంకో కథ బొగ్గు సెస్సుది. నాకు ఇప్పటికీ కాస్త కోపం తెప్పించే విషయం ఇదే. 2010 బడ్జెట్‌లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. ఆ డబ్బుతో నేషనల్ క్లీన్ ఎనర్జీ ఫండ్ ఏర్పాటుచేసి, స్వచ్ఛ ఇంధన పరిశోధనకు, కొత్త తరహా ప్రాజెక్టులకు ఖర్చుపెడతామన్నారు. ఆలోచన చాలా బాగుంది. సెస్సు 2014లో 100 అయింది, 2015లో 200, 2016లో 400. సింగరేణి బొగ్గయినా, దిగుమతి బొగ్గయినా అందరూ కట్టాల్సిందే. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు పడుతుందనుకుంటే, 400 రూపాయల లెక్కన యూనిట్‌కు పావలా పైనే. ఆ పావలా తిరిగి తిరిగి మన కరెంటు బిల్లులోకే వచ్చింది.

2010-11 నుంచి 2017-18 వరకు ఇలా వసూలైంది 86 వేల కోట్లకు పైనే. ఫండ్‌లోకి వెళ్లింది 29,600 కోట్ల చిల్లర. ప్రాజెక్టులకు ఖర్చయింది సుమారు 15,900 కోట్లు. ఆ ఖర్చులోనూ పరిశోధన అని గట్టిగా చెప్పదగినది కొద్దిగానే. 2017లో జీఎస్టీ వచ్చాక సెస్సు పేరు మారి, రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చే పద్దులో కలిసిపోయింది. 2025 సెప్టెంబరులో ఆ 400 కూడా తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. బొగ్గు మీద వచ్చే డబ్బుతో బొగ్గు తర్వాతి కాలానికి సిద్ధమవుదామన్న మాట అక్కడితో సరి.

ఇక ల్యాబ్ లోపలికి వద్దాం. నా అనుభవంలో, డబ్బు తక్కువ కావడం కన్నా అది వేళకు రాకపోవడమే ఎక్కువ దెబ్బ కొట్టింది.

మంజూరు ఉత్తర్వులో మూడేళ్ల మొత్తం రాసి ఉంటుంది. ఎక్విప్‌మెంట్, మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్స్ అని విడివిడిగా పద్దులు. ఒక పద్దులో మిగిలినది ఇంకో పద్దుకు మార్చాలంటే అనుమతి కావాలి. డబ్బు మాత్రం ఏడాదికో విడతగా వస్తుంది. మొదటి విడత ఖర్చు చేసి, యూసీ, అంటే డబ్బును ఫలానా పనికే వాడామన్న ధ్రువపత్రం పంపితేనే రెండోది. మార్చి 31తో లెక్క ముగించి, అకౌంట్స్‌లో సంతకాలు పెట్టించి పంపేసరికి ఎండాకాలం అయిపోతుంది. అక్కడ ఢిల్లీలో ఫైలు కదిలి డబ్బు మంజూరయ్యేసరికి ఒక్కోసారి దసరా కూడా దాటేది. ఆలస్యంగా వచ్చిన ఆ డబ్బును మళ్లీ మార్చిలోపే ఖర్చు చూపించాలి. ఇప్పుడు జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతి కాబట్టి వాడనిది వాడనట్టే వెనక్కి పోతుంది. అందుకే ఏ ల్యాబ్‌లోనైనా ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాస్త్రవేత్తలు సైన్స్ కన్నా కొటేషన్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు.

బ్యాటరీ పనికి ఈ పద్ధతి ఎందుకు సరిపోదో చెబుతాను. సెల్ కట్టేది గ్లోవ్‌బాక్స్‌లో. ముందువైపు అద్దం, అందులోంచి లోపలికి రెండు నల్లటి రబ్బరు చేతులు, లోపల ఆర్గాన్ వాయువు. తేమ, ఆక్సిజన్ రెండూ 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు లోపే ఉండాలి. పక్కన చిన్న తెర మీద ఆ రెండు అంకెలూ కనిపిస్తూ ఉంటాయి. పొద్దున ల్యాబ్‌కు రాగానే బ్యాగ్ కూడా దించకుండా చూసేది వాటినే. ఆర్గాన్ అడుగంటితే ఆ అంకెలు పైకి పాకడం మొదలుపెడతాయి. ఎలక్ట్రోలైట్‌లో ఉండే లిథియం లవణానికి తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి, సెల్‌ను లోపలినుంచే తినేస్తుంది. బయటికి చూస్తే ఏమీ తెలియదు. నాణెమంత సెల్, మెరుస్తూనే ఉంటుంది. దాని సామర్థ్యం చూపే గ్రాఫ్ మాత్రం పడిపోతుంది.

రెండో విడత ఆగిన ఏడాది గ్యాస్ సప్లయర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. "సార్, మీ గవర్నమెంట్ డబ్బు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, నాకు తెలుసు. కానీ మా కుర్రాళ్లకు జీతం నెలనెలా ఇవ్వాలి కదా." పాత బిల్లు కడితేనే కొత్త సిలిండర్ అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు. మా గైడ్ సొంత జేబులోంచి తెప్పించిన సిలిండర్లు ఉన్నాయి. ఆ బిల్లులను తర్వాత ఏ పద్దులో పెట్టాలన్నది మళ్లీ ఒక తలనొప్పి.

దీనికి తోడు టైమ్ లెక్క. గంటలో ఛార్జ్, గంటలో డిశ్చార్జ్ అనుకున్నా, 500 సైకిళ్లు తిప్పాలంటే వెయ్యి గంటలు. నలభై రోజులకు పైనే. నిదానంగా పది గంటల ఛార్జ్, పది గంటల డిశ్చార్జ్ పెడితే ఒక్క సైకిల్‌కే ఇరవై గంటలు. మధ్యలో మూడు నెలలు డబ్బు ఆగితే మూడు నెలల ఆలస్యం మాత్రమే అనుకుంటారు బయటివాళ్లు. అలా కాదు. పక్కన పెట్టిన సెల్స్ వాడకపోయినా ముసలివవుతాయి. కొత్తగా కొన్న రసాయనం వేరే బ్యాచ్‌ది అవుతుంది, పాత ఫలితాలతో పోల్చడానికి కుదరదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొనాలన్న నిబంధన ఇంకో అందం. స్పెసిఫికేషన్‌లో "బ్యాటరీ గ్రేడ్" అన్న మాట రాయడం మరిచారంటే, వచ్చిన డబ్బా షెల్ఫ్‌లో అలంకారమే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కొనుగోళ్ల బాధ పైవాళ్లకూ అర్థమైనట్టే ఉంది. 2025 జూన్‌లో నిబంధనలు సడలించారు. పరిశోధన సంస్థలు కొటేషన్లు లేకుండా నేరుగా కొనగలిగే పరిమితి లక్ష నుంచి 2 లక్షలైంది. కొనుగోలు కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలైంది. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ అయిన జెమ్ పోర్టల్‌లోనే కొనాలన్న పట్టు కూడా సడలింది, డైరెక్టర్ నిర్ణయించి బయట కొనొచ్చు. ఇంకోవైపు 2022 జూలైలో, పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాల మీద ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ పోయి 18 శాతమైంది. అప్పటికే పాత రేటు మీద బడ్జెట్ వేసి మంజూరు చేయించుకున్నవాళ్లకు, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే అయింది.

మరి ఈ డబ్బుతో ఏమీ జరగలేదా అంటే, జరిగింది. మన దగ్గరే జరిగినవి రెండు చెబుతాను.

ఒకటి హైదరాబాద్ బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలోది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. విదేశీ గ్యాసిఫయర్లు, అంటే బొగ్గును గ్యాస్‌గా మార్చే యంత్రాలు, ఎక్కువగా తక్కువ బూడిద బొగ్గుకు తగ్గట్టు చేసినవి, మన బొగ్గు వేస్తే మొరాయిస్తాయి. మన బొగ్గు నుంచి మిథనాల్ తీయాలని 2016లో నీతి ఆయోగ్ పని మొదలుపెట్టించింది, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 10 కోట్లు ఇచ్చింది. నాలుగేళ్లకు రోజుకు 1.2 టన్నుల గ్యాసిఫయర్‌తో పావు టన్ను మిథనాల్ తీసి చూపించారు. స్వచ్ఛత 98 నుంచి 99.5 శాతం. పది కోట్లకే అయిపోయిందా అని ఆశ్చర్యపోకండి. బీహెచ్ఈఎల్ గ్యాసిఫికేషన్ మీద 1980ల నుంచే పనిచేస్తోంది, తిరుచ్చిలో 6.2 మెగావాట్ల ప్రయోగాత్మక ప్లాంటు నడిపింది. దశాబ్దాల ఆ అనుభవం మీద ఈ పది కోట్లు పడ్డాయి కాబట్టి పండింది. ఆ తర్వాతే, 2024 జనవరిలో, బొగ్గు గ్యాసిఫికేషన్ ప్రాజెక్టులకు 8,500 కోట్ల ప్రోత్సాహక పథకం వచ్చింది. అది బొగ్గే కదా, స్వచ్ఛ ఇంధనం ఎలా అవుతుందని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది, నేనూ సగం అటే.

రెండోది బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. తార్నాకలోని ఐఐసీటీ (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అంతకుముందు కోళ్ల ఫారాల వ్యర్థాల మీద ఏళ్ల తరబడి పనిచేసి ఒక బయోగ్యాస్ రియాక్టర్ రూపొందించారు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, తెలంగాణ మార్కెటింగ్ శాఖ డబ్బు పెట్టాయి. మార్కెట్‌లో మిగిలే పది టన్నుల చెత్తతో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు, క్యాంటీన్ పొయ్యికి గ్యాస్. 2021 జనవరిలో మన్ కీ బాత్‌లో ప్రధాని దీని గురించి చెప్పాక అందరికీ తెలిసింది. నాకు ఇందులో నచ్చింది ఆ ప్రచారం కాదు. ల్యాబ్‌లో పనిచేసే రియాక్టర్‌ను మార్కెట్ యార్డులో నిలబెట్టడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టడం. మన దగ్గర చాలా పరిశోధనలు ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరే. పేపర్ అచ్చవుతుంది, పేటెంట్ వస్తుంది, ఫెలో వేరే ఉద్యోగం చూసుకుంటాడు, ల్యాబ్ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది.

ఆ మెట్టు కోసమే 2025 జూలైలో లక్ష కోట్ల ఆర్డీఐ (రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్) పథకం ఆమోదించారు. ఇంధనం కూడా అందులో ఉంది. అయితే అది ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణాలిచ్చేది, అదీ ల్యాబ్‌లో రుజువై టెక్నాలజీ ఎంత సిద్ధమైందో కొలిచే దశల్లో నాలుగో దశకైనా చేరినవాటికే. మీ తమ్ముడి ల్యాబ్‌కు అందులోంచి ఆర్గాన్ సిలిండర్ రాదు. అతనికి సంబంధించింది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. పరిశోధన ప్రాజెక్టులకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ అది, అంతకుముందు ఆ పని చేసిన ఎస్ఈఆర్‌బీ ఇప్పుడు దాంట్లోనే కలిసింది.

ఇక అతను అడగాల్సినవి. ప్రాజెక్టు ఏ సంవత్సరంలో మంజూరైంది, ఇంకా ఎన్నాళ్లుంది అన్నది మొదట అడగాలి. మూడేళ్ల ప్రాజెక్టులో రెండేళ్లు అయిపోయాక చేర్చుకుంటే పీహెచ్‌డీ మధ్యలో స్టైపెండ్ ఆగుతుంది. కిందటి ఏడాది యూసీ వెళ్లిందా, విడత వచ్చిందా అని గైడ్‌ను కాకుండా అక్కడి సీనియర్ ఫెలోలను టీ దగ్గర అడగమనండి, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. స్టైపెండ్ 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ప్రాజెక్టు పాత రేటు మీద మంజూరై ఉంటే తేడా ఎవరిస్తారో ముందే తేల్చుకోవాలి. 2019లో 25,000 నుంచి 31,000కు పెరిగినప్పుడు మాకు ఆర్డర్ కాపీ వెంటనే వచ్చింది, డబ్బు మాత్రం చాలా కాలానికి వచ్చింది. కనీసం నాలుగైదు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమనండి, ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇంకొకటి, ల్యాబ్ చూడ్డానికి వెళ్లినప్పుడు గ్లోవ్‌బాక్స్ పక్కన స్పేర్ ఆర్గాన్ సిలిండర్ ఉందో లేదో ఓ కన్నేయమనండి. ఉంటే నిశ్చింతగా చేరొచ్చు.